విప్పకూడని ముడి

ధర్మపురి,
బుధవారం మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కయ్య పాదాలకు నీ చెల్లెలు సుభద్ర మొక్కి రాసుకునే సంగతులు.

నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? వేడినీళ్ల కాపడం మానలేదు కదా? బావగారి చేతి వణుకు తగ్గిందా, అట్లాగే ఉందా? పోయిన ఉత్తరం చివర ఆయన సంతకం చూసి నా మనసు మనసులో లేదు. ఇక్కడ నేను, నాగరాజు, కోడలు రుక్మిణి, మనవడు మురళి దేవుడి దయవల్ల బాగానే ఉన్నాము. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కిందికి చదివేకొద్దీ నీకు అనుమానం రావచ్చు. ఎవరికీ జబ్బు లేదు. ఎవరూ జారి పడలేదు. అందరమూ వేళకు తింటున్నాము.

మురళి ఈరోజు తెల్లవారుజామున మొదటి బస్సుకు బెంగుళూరు వెళ్లాడు, మందుల కంపెనీ ఇంటర్‌వ్యూకు. వాడు తిరిగి వచ్చేదాకా నాకు ఏ పనీ సాగదు. బియ్యంలో రాళ్లు ఏరుదామని కూర్చుని, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతున్నానని రుక్మిణి చేట లాక్కుంది. అందుకని కలం పట్టాను. నీకు చెప్పవలసిన ఒక సంగతి కూడా ఉంది. అది చెప్పడానికి ధైర్యం చాలక వారం రోజులుగా ఉత్తరం వాయిదా వేస్తూ వచ్చాను. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. బావగారికి చదివి వినిపించేటప్పుడు ఆ భాగం కొంచెం మెల్లగా చదువు.

ముందు ఇక్కడి సంగతులు. ఎండలు మండిపోతున్నాయి, వాన జాడ లేదు. బావినీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు. తిండికి లోటు లేదు. రుక్మిణి రాగిసంగటి మనవైపు లాగానే చేస్తుంది, కానీ అన్నింటిలోనూ చింతపండు ఒక పిడికెడు ఎక్కువ. చింతపండు మండీవాళ్ల ఇల్లు కదా, చేయి అట్లా అలవాటైపోయింది. బడి ఉద్యోగం ముగించి, కదిరిలో ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు నీవు ఒక మాట అన్నావు, గుర్తుందా? "కొడుకు ఇంటికే కదా పోతున్నావు, పరదేశానికా?" అని. అక్కయ్యా, ఇది సగం పరదేశమే. రుక్మిణి పుట్టింటివారు ఎన్ని తరాలుగానో ఇక్కడివాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ తెలుగు కూడా మాటకు మాత్రమే. అక్షరాలు నాకూ నాగరాజుకూ తప్ప ఈ ఇంట్లో ఎవరికీ రావు. అంగడి నుంచి వచ్చిన పొట్లం కాగితం తెలుగుదైతే, పప్పు డబ్బాలో పోసి కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చదువుకుంటాను. సగంలో చినిగి ఉంటుంది. మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆ పూటంతా ఆలోచిస్తాను. దయచేసి ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే తెలుగు పంచాంగం ఒకటి పంపించు. ఇక్కడి పంచాంగంతో నా ఏకాదశులు నాకు నమ్మకంగా లేవు.

ఇక అసలు సంగతి.

బావగారి టై అడుగుతూ నీకు రాసినప్పుడు కారణం పూర్తిగా రాయలేదు. పోయినసారి సేలంలో ఇట్లాంటి ఉద్యోగానికే పిలుపు వస్తే మురళి మామూలు తెల్లచొక్కాతో వెళ్లాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్లందరికీ టైలు ఉన్నాయట. వీడు కాసేపు మెడ తడుముకుంటూ కూర్చుని, తన పేరు పిలవకముందే లేచి బస్సెక్కి వచ్చేశాడు. ప్రశ్నకు జవాబు రాక ఓడిపోతే బాధ లేదు. ప్రశ్న దాకా పోకుండానే తిరిగి వచ్చాడు. ఆ రోజు నాగరాజు అన్నం ముందు కూర్చుని అన్న మాటలు నీకు రాయలేదు.

"వాణ్ణి పాపిరెడ్డిపట్టి మండీలో కూర్చోబెడతానమ్మా. నేను కూర్చోలేదా? చింతపండుకు టై అక్కరలేదు."

నేను బతిమాలలేదు. నీకు తెలుసు, నాకు అది చేతకాదు. "ఇంకొక్క పిలుపు రానీ. ఈసారి కూడా వాడు మధ్యలో లేచి వస్తే వాడి చదువు గురించి నేను ఈ ఇంట్లో మళ్లీ నోరెత్తను" అని మాట ఇచ్చాను. అందుకే ఇప్పుడు వాడు బెంగుళూరులో కూర్చున్న బెంచీ మీద నేను కూడా కూర్చుని ఉన్నట్టుంది.

బెంగుళూరువారి కాగితంలో టై కట్టుకునే రావాలని స్పష్టంగా రాశారు. నేను నీకు రాశాను, మీరు పంపించారు. బావగారు ఉద్యోగం ముగించిన రోజున కట్టుకున్న టై అది. ఆనాటి ముడిని ఆయన మళ్లీ విప్పలేదనీ, చేతులు వణుకుతున్నాయి గనక ఇక వేయలేరనీ, ముడితోనే పంపుతున్నాననీ నీవు రాశావు. ఆయన స్వయంగా "ముడి విప్పవద్దు, తలమీదుగా వేసుకుని బిగించుకుంటే చాలు" అని చీటీ రాసి టైకి గుండుసూదితో గుచ్చారు. అన్నీ సరిగ్గానే చేశారు. పొరపాటంతా ఈ వైపే జరిగింది.

పార్సెలు వచ్చినప్పుడు నేను గుడిలో ఉన్నాను. నాగరాజు మండీలో ఉన్నాడు. ఇంటికి వచ్చేసరికి రుక్మిణి గడపలోనే నిలబడి ఉంది.

"అత్తా, పెద్దత్త పంపిన అక్షింతల ముడి విప్పినాను. లోపల ఒక్క గింజ లేదు! పోస్టాపీసులో ఎలకలు తినేసినట్టుండాయి."

నాకు మొదట అర్థం కాలేదు. "అక్షింతలు ఏమిటే?"

"మురళి శుభానికి పోతాడు కదా. పెద్దలు అక్షింతలు ముడేసి పంపినారు అనుకున్యాను. ఇంత మంచి పట్టుగుడ్డ, దానికి ముడి, మీద మంత్రం కూడా రాసి పెట్టినారు. వాడి తలమీద నాలుగు గింజలు ఏద్దామని విప్పితే, ఒట్టి గుడ్డ!"

ఆ మంత్రం ఎక్కడుందని అడిగాను. దేవుడి గూట్లో ఉంది. బావగారు రాసిన చీటీకి నాలుగు మూలలా పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, ముందర కర్పూరం వెలిగించింది. "ముడి విప్పవద్దు" అన్న అక్షరాలకు హారతి!

దానిని ఏమని తిట్టను అక్కయ్యా? నిజమైన టైని అది ఎన్నడూ దగ్గరగా చూసి ఎరగదు. పైగా వాళ్ల పుట్టింటి ఆచారం ఒకటుంది. ఊరు పోయే బిడ్డకు పెద్దలు కొంగు కొసన అక్షింతలు ముడివేసి పంపుతారు. బిడ్డ వాటిని తలమీద చల్లుకుని బయలుదేరతాడు. భక్తితో చేసిన పని. నేను చీటీ చదివి చెప్పినప్పుడు అది నేలమీద కూర్చుండిపోయింది. "పెద్దమామ చేతి ముడి అత్తా, మళ్లా రాదు కదా" అని ఆ పూట అన్నం ముట్టలేదు. బావగారితో ఈ మాట కూడా చెప్పు.

ఇప్పుడు ఆ ముడి ఎవరు వేయాలి? ఈ ఊళ్లో వకీళ్లకు మెడలో తెల్లపట్టీలు, కాన్వెంటు పిల్లలకు రబ్బరు పట్టీకి కుట్టేసిన ముడులు. నిజమైన టై కట్టేవారు నాగరాజుకు తెలిసినంతలో లేరు. పాలు పోసే మారియమ్మ ఊరంతా తిరుగుతుంది గదా అని, నాకు వచ్చిన అరవంలో చెప్పాను. పిల్లవాడు ఉద్యోగానికి పోతున్నాడు, ముడి బాగుండాలి, బాగా చేతనైనవాణ్ణి రేపు ఉదయమే పంపు అని. మారియమ్మ మురళి వైపు ఒకసారి చూసి, "ఆమామ్మా, కట్టాయం" అంది. తప్పకుండా అని. ఎంత త్వరగా అర్థం చేసుకుందో అని సంతోషించాను.

మరునాడు ఉదయం నేను జపంలో ఉన్నాను. జపం ముగిసేదాకా మాట్లాడననీ, లేవననీ నీకు తెలుసు. వాకిట్లో ఎవరో వచ్చిన చప్పుడైంది. తలుపు సందులోంచి చూస్తే ఒకాయన పెట్టె తెరుస్తున్నాడు. మురళి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు, మెడచుట్టూ తువ్వాలు. టై కట్టడానికి తువ్వాలు ఎందుకా అనుకుంటుండగానే కత్తెర చప్పుడు మొదలైంది.

అక్కయ్యా, మురళి జుట్టు నీవు చూడలేదు. చెవులు దాటి, కాలరు మీద పడేది. ఈ కాలం పిల్లల వేషం. దాని మీద నేను వాణ్ణి రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను, అది నిజమే. కానీ కత్తిరించమని ఎవరికీ చెప్పలేదు. నోరు తెరవకూడదు గనక చేయి ఊపాను. వద్దు వద్దని గట్టిగా ఊపాను. ఆ మనిషి నన్ను చూసి, "పాట్టి ఇన్నుం కొరైక్క సొల్రాంగ తంబీ" అన్నాడు. అవ్వ ఇంకా తగ్గించమంటోంది అని! నేను ఇంకా గట్టిగా ఊపాను. అతను ఇంకా తగ్గించాడు.

జపం ముగించి వచ్చేసరికి మురళి చెవులు రెండూ బయటికి వచ్చి నిలబడి ఉన్నాయి.

"తృప్తేనా అవ్వా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నేను ముడి వేసేవాణ్ణి పంపమన్నానురా!"

రుక్మిణి కొంగు నోట్లో కుక్కుకుంది. "అత్తా, అరవంలో ముడి అంటే ఎంటికలు."

నేను బడిలో పిల్లలకు ఎన్నేళ్లు పాఠాలు చెప్పానో నీకు తెలుసు. ఒక్క మాటకు రెండు అర్థాలుంటే రెండూ రాయమనేదాన్ని. నా మాటకు రెండో అర్థం నేనే చూసుకోలేదు. మంగలికి కూలి ఇచ్చి, మజ్జిగ ఇచ్చి పంపించాను. మురళి ఆ పగలంతా అద్దం దగ్గరికి పోలేదు. వాడి ధైర్యంలో కొంత ఆ జుట్టులో ఉండేదని నాకు ఆరోజు తెలిసింది. అంతకు ముందే తెలిసి ఉండవలసింది.

ఆ మధ్యాహ్నం టైని వెలుతురులో పరిచి చూశాను. పట్టు మీద మడతలు అట్లాగే ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఒకే ముడిలో ఉన్న గుడ్డ కదా, ఎక్కడ వంగిందో, ఎక్కడ తిరిగిందో గీతలు పడి ఉన్నాయి. చీర మడతలు పోయినా అంచు చూసి మళ్లీ అదే మడత పెట్టమా? అట్లాగే. కూజా మెడకు వేసి, ఒక్కొక్క గీత ప్రకారం తిప్పుతూ పోయాను. వెడల్పు కొస మీదుగా పోయి, మెడ సందులోంచి ఒక పక్కకు దిగుతుంది. వెనకగా పోయి రెండో పక్కన కూడా అట్లాగే ఎక్కి దిగుతుంది. తర్వాత ముందరగా అడ్డం వచ్చి, మళ్లీ సందులోంచి పైకి వచ్చి, ముందరి మడతలోకి దూరుతుంది. చాలాసార్లు తప్పింది. గీతలన్నీ ఒకదానికొకటి సరిపోయినప్పుడు, కూజా మెడ మీద బావగారి ముడి నిలబడింది. రెండు భుజాలూ సమానం, నడుమ పెద్ద ముక్కోణం. ఆయన ఆఫీసుకు పోతుంటే గుమ్మంలో చూసినట్టే ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రుక్మిణి కూజాకు దండం పెట్టింది.

కానీ మురళి మెడకు నేను వేయలేదు. మీ మరిది పోయిన తర్వాత, శుభానికి పోయే పిల్లల మెడలో నా చేత్తో ఏ ముడీ వేయలేదు, హారమైనా తాయెత్తైనా. ఇది మూఢత్వమని నీవు ఎన్నోసార్లు అన్నావు. కావచ్చు. వాడి విషయంలో పరీక్ష పెట్టి చూసే ధైర్యం నాకు లేదు. అందుకని నేను కూజాకు వేయడం, వాడు నన్ను చూసి తన మెడకు వేసుకోవడం. రోజూ సాయంత్రం ఇదే పని.

పెద్ద ముడి వాడికి వచ్చింది. కానీ కుదరలేదు. జుట్టు పోయి మొహం సన్నబడింది, మెడ పొడుగ్గా కనబడుతోంది. ఆ సన్నని మెడమీద అంత ముడి.

"అవ్వా, గొంతులో బోండా ఇరుక్కున్నట్టుంది."

"తల ఎత్తి నిలబడు. సరిగ్గా కనబడుతుంది."

"తల ఎత్తితే బోండా ఇంకా బాగా కనబడతాది."

ఒకరోజు విసుగులో ఒక చుట్టు వదిలేశాడు. వెడల్పు కొసను సన్నదాని మీదుగా వేసి, వెనకనుంచి తిప్పి, మళ్లీ మీదుగా తెచ్చి, మెడ సందులోంచి పైకి లాగి మడతలోకి దించేశాడు. అంతే. చిన్న ముడి పడింది. పొడుగ్గా, సన్నగా, కానీ వంకరగా. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. నేను విప్పమన్నాను. వాడు అద్దంలో చూసుకుంటూ కదలలేదు. జుట్టు పోయిన తర్వాత వాడు అద్దంలో అంతసేపు చూసుకోవడం అదే మొదలు.

"ఇది నాకు సరిగ్గా ఉంది అవ్వా."

"సరిగ్గా ఎక్కడుందిరా? ఒక పక్కకు వాలిపోయింది. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ముడి కూడా తిన్నగా వేసుకోలేని వాడు మందుల లెక్క ఏం చెబుతాడు అనుకోరా?"

"పెద్దతాత ముడి పెద్దతాత మొహానికి. నా మొహానికి ఇది."

"మొహం చూసి ముడి వేస్తారా? పద్ధతి చూసి వేస్తారు."

మా గొంతులు పెరిగాయి. నాగరాజు అప్పుడే మండీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. వాడికి ఈ టై గొడవంటేనే గిట్టదు కదా. ఇద్దరినీ తిడతాడనుకున్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మురళిని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఉండనీమ్మా. తక్కెడ ముల్లు నడుమన నిలబడితే కొనే గిరాకీకి అనుమానం. కొంచెం వాడి పక్కకు వంగితేనే నవ్వుతాడు."

మురళి పకపకా నవ్వాడు. తండ్రీకొడుకులు కలిసి నవ్వగా నేను ఈ ఇంటికి వచ్చిన తర్వాత చూడలేదు. సరే, నీ ఇష్టం అన్నాను. అన్నాను గానీ మనసు ఒప్పుకోలేదు. బావగారిని అడగాలనుకున్నాను. వంకర ముడి మర్యాదేనా, పెద్ద ఉద్యోగాలవాళ్లు వేసుకుంటారా, అని. రాసి జవాబు తెప్పించుకునే వ్యవధి లేకుండానే రోజు వచ్చేసింది.

ఈరోజు ఉదయం వాడు తానే కట్టుకున్నాడు. లోపలి గదిలో, తల్లి దీపం పట్టుకుని నిలబడింది. బయటికి వచ్చేసరికి చూశాను. ముడి వంకరగానే ఉంది గానీ, ఎప్పటికన్నా నిండుగా, గట్టిగా నిలబడి ఉంది. నా మాట విని బాగా బిగించాడు, చివరికి బుద్ధి వచ్చింది అనుకున్నాను. కాళ్లకు మొక్కాడు. "నీవొకసారి సర్దు అవ్వా" అని మెడ వంచాడు. "అద్దం చూసి నీవే సర్దుకో" అని పక్కకు తిరిగాను. చేతిరుమాలు, సర్టిఫికెట్లు, పులిహోర పొట్లం, అన్నీ నేనే సరిచూసి సంచిలో పెట్టాను. మెడ ఒక్కటే సరిచూడలేదు.

ఇప్పుడు అదే నన్ను తింటోంది. నేను సర్ది ఉండవలసిందా? పెద్ద ముడే వేసుకొమ్మని పట్టుబట్టి ఉండవలసిందా? ఆ జుట్టు ఉండి ఉంటే ఇంకొంచెం నిబ్బరంగా ఉండేవాడు కదా? ఎండ చూస్తే బెంగుళూరులో కూడా ఇట్లాగే ఉందేమో, ఉక్కపోసి టై విప్పేసి ఉంటాడేమో. విప్పితే మళ్లీ కట్టుకోగలడా, కూజా లేకుండా, నేను లేకుండా? ఇంతకీ లోపలికి పోయాడా? బెంచీ మీంచి లేచి వచ్చేశాడా? వీధిలో బస్సు హారను వినబడితే చాలు, కలం ఆగిపోతోంది. ఇంత పెందలాడే వస్తే భయం. ఆలస్యమైనా భయం.

రుక్మిణి మాత్రం నిమ్మళంగా ఉంది. ఇందాక వచ్చి, "పోతాడు, ఉంటాడు, వస్తాడు అత్తా. వాడు విప్పడు" అంది. "ఏం చూసుకుని అంత నమ్మకమే?" అన్నాను. పొయ్యి మీద ఎసరు ఉందంటూ వంటింట్లోకి పోయింది.

దీపాలు పెట్టిన తర్వాత మళ్లీ మొదలుపెడుతున్నాను.

వచ్చాడు అక్కయ్యా. ఎర్రగా కందిపోయి, దుమ్ముతో, మెడలో టైతో వచ్చాడు. బస్సులో కూడా తీయలేదట. నాగరాజు మండీ మూయకముందే వచ్చి వసారాలో కూర్చున్నాడు, ఏదో పని ఉన్నట్టు. మేము ముగ్గురమూ వాడి మొహమే చూస్తున్నాము.

"లేచి రాలేదవ్వా" అన్నాడు.

మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు. బెంచీ మీద అందరికీ పెద్ద పెద్ద ముడులేనట. ఒకడు వీడి చెవులు చూసి, "మిలిటరీకి పోవాల్సినవాడు దారి తప్పి వచ్చినావా?" అన్నాడట. ఆ నిమిషం లేచిపోదామనిపించిందట. చేయి మెడ దగ్గరికి పోయిందట, విప్పడానికి.

"విప్పలేదు. లోపల కూర్చున్న ముగ్గురూ అడిగినవన్నీ చెప్పినాను. ఒకాయన, ముసలాయన, ఆయనది కూడా నా మాదిరే చిన్న ముడి అవ్వా, వంకరగా! ఎవరు కట్టినారు అని అడిగినాడు. నేనే అన్నాను. సరి, జాబు రాస్తాము పో అన్నాడు."

జాబు రాస్తారట. వస్తుందో రాదో దేవుడికి తెలియాలి. కానీ ప్రశ్న దాకా పోయాడు, జవాబు చెప్పి వచ్చాడు. నాగరాజు లేచి లోపలికి పోతూ వాడి కత్తిరించిన తలమీద ఒకసారి చేయి వేసి పోయాడు. పాపిరెడ్డిపట్టి మాట ఎత్తలేదు.

నాకు ఒళ్లంతా తేలికైపోయి, అలవాటు ప్రకారం, "టై విప్పి మడత పెట్టు, పెద్దతాతకు తిరిగి పంపించాలి" అన్నాను. వాడు తల్లి వైపు చూశాడు.

"విప్పకూడదంట అవ్వా."

"ఎవరన్నారు?"

రుక్మిణి తల వంచుకుని నిలబడింది. తలమీదుగా తీసి వాడు నా చేతికి ఇచ్చాడు. పట్టుకుంటే ముడి బరువుగా ఉంది. వేలితో నొక్కితే గుండ్రంగా, గట్టిగా తగిలింది.

పసుపు పూసిన పావలా కాసు అక్కయ్యా! ఉదయం దీపం పట్టుకుని నిలబడింది అందుకు. వాడు ముడి వేసుకుంటుంటే మడతలో పెట్టి, తిరుపతికి మొక్కుకుని బిగించమందట. ముడి నిండుగా నిలబడింది నా పాఠం వల్ల కాదు. బెంచీ మీద వాడి వేలికి తగిలింది ఆ కాసే. విప్పితే అమ్మ మొక్కు జారి నలుగురిలో కింద పడుతుందని, విప్పకుండా కూర్చున్నాడట.

"ముడుపు అత్తా" అంది రుక్మిణి. "ఆపొద్దు పెద్దమామ ముడిలో అక్షింతలు ఎతికినాను. ఏమీ లేకపోయె. ఈ ముడి ఒట్టిగా పోకూడదు అనుకున్యాను. జాబు వచ్చి, కొండకు పోయి, హుండీలో ఏసేదాకా విప్పకూడదు."

టైని కళ్లకు అద్దుకున్నాను.

కాబట్టి బావగారితో చెప్పు. ఆయన టై ఇప్పుడే తిరిగి రాదు. మా దేవుడి గూట్లో మేకుకు వేలాడుతోంది, వంకర ముడితో. ఆయన ముడి పోయిందని బాధపడవద్దను. గీతలు గుడ్డమీద చెరగలేదు, నా చేతికీ వచ్చేశాయి. మొక్కు తీరిన తర్వాత కూజాకు వేసి ఆయన ముడిని ఉన్నదున్నట్టు నిలబెట్టి పంపుతాను. ఆయన చీటీ కూడా భద్రంగానే ఉంది. కుంకుమబొట్టుతో సహా దానిని మళ్లీ టైకే గుచ్చాను. ఒక్క అక్షరం మార్చనవసరం లేకపోయింది.

ఆ జాబు వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు, నీవైనా దేవుడికి ఒక దీపం పెట్టు. బావగారి పాదాలకు మేమందరమూ మొక్కుతున్నామని చెప్పు. ఇంట్లో పిల్లలకు నా ఆశీస్సులు. పంచాంగం మరిచిపోవద్దు. మురళికి మీ ఇద్దరి ఆశీర్వాదం కావాలి. ఈసారి అక్షింతలు పంపితే కవరు మీద అక్షింతలని అరవంలో కూడా రాయించు.

నీ కుశలం కోసం ఎదురుచూసే,
నీ చెల్లెలు
సుభద్ర